సినిమా అయిపోయాక ఎవరింటికి పోయాం?



పోయిన నెల యవనస్థుల కూడికలో ఒక ఆడబిడ్డ లేచి, "అయ్యగారూ, మీరు, అమ్మగారు సినిమాలు చూస్తరా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వి మాట దాటేశాం. దాటేసినందుకు ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ పాపకు చెప్పాల్సిన జవాబు మా దగ్గర ఉంది. ఈ ఎండాకాలం మేము రెండు సినిమాలు చూశాం. ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాం. ఒక నాటకం తెల్లవారేదాకా కూర్చుని చూశాం. ఇరవై ఏండ్లకు పైగా ప్రసంగ పీఠం మీద నిలబడి "సినిమా, నాటకం లోకసంబంధమైనవి" అని మీకు చెప్పినవాళ్లం మేమే కాబట్టి, ఇప్పుడు చూసింది దాచిపెట్టడం న్యాయం కాదు.

ఇది ఎట్లా జరిగిందో చెప్తాం. మాలో ఒకరికి మోకాలి ఆపరేషన్ అయ్యింది. అది అమ్మగారికేనని మీ అందరికీ తెలుసు. మీరంతా ఉపవాసముండి ప్రార్థన చేశారు, దేవుడు ఆలకించాడు. నెల రోజులు మెట్లు ఎక్కకూడదన్నారు కాబట్టి నల్లగొండలో బిడ్డ ఇంట్లోనే ఉన్నాం. పొద్దున వాక్యం, మధ్యాహ్నం మందులు, సాయంత్రం ఏం చేయాలో తోచేది కాదు. అల్లుడు టీవీ ముందు కూర్చోబెట్టి, "మామా, ఇది మన జిల్లా మనిషి కథ, ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు. అట్లా మొదలైంది.

మొదట చూసింది మల్లేశం. 2019లో వచ్చిన సినిమా. రాజ్ రాచకొండ తీశాడు, ప్రియదర్శి మల్లేశం వేషం వేశాడు. ఆ మనిషి కల్పితం కాదు. చింతకింది మల్లేశంగారిది ఆలేరు దగ్గరి శారాజీపేట, అప్పటి మన నల్లగొండ జిల్లాయే. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చేనేత ఇంటి పిల్లవాడు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. కొయ్యల మీద అటూ ఇటూ దారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం పోటుతో ఏడవడం చూసిన కొడుకు, ఊరంతా నవ్వుతున్నా అప్పులు చేసి, ఏండ్ల తరబడి తంటాలు పడి, 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సినిమా బాగుందా అంటే బాగుంది. పాటలకోసమో కొట్లాటలకోసమో కాదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుకున్నారు, మగ్గం చప్పుడు నిజంగా మగ్గం చప్పుడులాగే ఉంది. తల్లిగా వేసిన ఝాన్సీ భుజం పట్టుకొని గోడకు ఆనుకున్నప్పుడు మాలో ఒకరు కండ్లు తుడుచుకున్నారు, ఇంకొకరు నీళ్లు తాగే నెపంతో లేచిపోయారు. కానీ మాకు గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. ఆ పిల్లవాడు తల్లి నొప్పి తగ్గాలని కోరుకోవడంతో ఆగలేదు. ఏ పని వల్ల ఆ నొప్పి వస్తున్నదో దగ్గర కూర్చుని చూశాడు.

మన సంఘంలో రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసి అమ్మే అక్క ఒకరున్నారు. మూడేండ్లుగా ప్రతి ఆదివారం ముందుకు వచ్చి, "అయ్యగారూ, కుడి రెక్క లేస్తలేదు, ప్రార్థన చేయుండ్రి" అంటారు. మేము చెయ్యి పెట్టి ప్రార్థన చేశాం. నూనె రాశాం. కానీ "అక్కా, రోజుకు ఎన్ని రొట్టెలు కొడతావు, ఎట్లా కూర్చుని కొడతావు?" అని ఈ మూడేండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నల్లగొండ నుంచి రాగానే ఆ అక్క బండి దగ్గరికి పోయాం. రాత్రికి నూట యాభై రొట్టెలు. నేల మీద గొంతు కూర్చుని, పొయ్యి మీదికి వంగి, ఒక్క చేత్తో తట్టడం. అది చూసిన తర్వాత మన యవనస్థులు నలుగురు సిమెంటు ఇటుకలు తెచ్చి నడుము ఎత్తున దిమ్మె కట్టి, పొయ్యి దాని మీద పెట్టారు. నిలబడి కొట్టడానికి వీలైంది. కోడలు సగం రొట్టెలు తీసుకుంది. నొప్పి పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పించడానికి లేదు. తగ్గింది. "రాత్రి నిద్ర పడుతున్నది అయ్యగారూ" అంటున్నారు. మేము ప్రార్థన మానలేదు. కానీ మేము మూడేండ్లు ప్రార్థన ఒక్కటే చేసి, చూడడం మరిచిపోయామని ఒక సినిమా వచ్చి చెప్పాల్సి వచ్చింది.

రెండోది బలగం. ఇది మీరందరూ మాకంటే ముందే చూశారు. 2023లో వచ్చింది. హాస్యనటుడిగా మనం చూసిన వేణు యెల్దండి మొదటిసారి దర్శకత్వం చేసిన సినిమా. ఇందులోనూ ప్రియదర్శే. ఆ ఏడు ఊరూరా పంచాయతీ ముందు తెర కట్టి ఈ సినిమా చూపించారు. మన ఊళ్లోనూ చూపించారు. మేము పోలేదు. పోవాలని లేక కాదు. "పాస్టరు తెర ముందు కూర్చున్నడు" అని నలుగురూ అంటారేమోనని తలుపు వేసుకొని ఇంట్లో కూర్చున్నాం. పాట మాత్రం కిటికీలోంచి వినబడింది.

కథ మీకు తెలుసు. కొమురయ్య అనే తాత చనిపోతాడు. ఎప్పుడో పండుగనాడు మాంసం కూరలో మూలుగ బొక్క దగ్గర వచ్చిన మాటకు అల్లుడు అలిగి పోయాడు, ఇరవై ఏండ్లు ఆడబిడ్డ పుట్టింటికి రాలేదు. తాతకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. 11వ రోజు దాకా ముట్టదు. పిట్ట ముట్టే ఆచారం మన విశ్వాసం కాదు, ఆ సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు. సినిమాలో తాగుడు కూడా చాలా చూపించారు, అది మాకు నచ్చలేదు. కానీ చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిలబడి చచ్చిపోయిన మనిషి పక్షాన బతికున్నవాళ్లతో పాటలో మాట్లాడినప్పుడు, మేము ఆచారం సంగతి మరిచిపోయాం. వాళ్లు సినిమా కోసం తయారైన గాయకులు కారు. ఊరూరా తిరిగి, చావింటి ముందు కథ చెప్పి బతికినవాళ్లు. ఆ మొగిలయ్యగారు 2024 డిసెంబరులో చనిపోయారని పేపర్లో చదివాం.

ఆ రోజు మన ఊళ్లో తెర ముందు ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. మన సంఘంలోనే ఇద్దరు అన్నదమ్ములు తొమ్మిదేండ్లు మాట్లాడుకోలేదు. ఒడ్డు మీద బోరు ఎవరిదని తగువు. ఇద్దరూ ఆదివారం వస్తారు, ఒకరు కుడి గోడకు, ఒకరు ఎడమ గోడకు కూర్చుంటారు. బల్లారాధనలో ఇద్దరూ చెయ్యి చాపుతారు. అర్పణ బలిపీఠం దగ్గర పెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట మీద, మత్తయి ఐదో అధ్యాయం తీసి, మేము కనీసం పదిసార్లు ప్రసంగం చేసి ఉంటాం. వాళ్లను చూసే చేశాం. ప్రతిసారీ ఇద్దరూ "ఆమేన్" అన్నారు. ఆ రాత్రి సినిమా పాట సగంలో ఉండగానే తమ్ముడు లేచి అన్న ఇంటికి పోయాడట. అన్న బర్రెకు మేత వేస్తున్నాడు. తమ్ముడు ఏమీ అనలేదు. అన్న చేతిలోని గడ్డి మోపు తీసుకొని తాను వేశాడు. అంతే. తెల్లారి బోరు స్టార్టరు పెట్టె తాళం చెవులు రెండు చేయించారు.

ఈ సంగతి విన్నప్పుడు మేము దేవునికి స్తోత్రం చెప్పాం. కానీ నిజం ఒప్పుకోవాలి, లోపల కొంచెం అసూయ కూడా కలిగింది. పది ప్రసంగాలు చేయలేని పని ఒక పాట ఎట్లా చేసిందని.

ఇప్పుడు ఆలోచిస్తే అందులో వింత ఏమీ లేదు. దావీదు రాజు పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త ధర్మశాస్త్రం చదివి వినిపించలేదు. పేదవాని దగ్గరున్న ఒకే ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదుకు ఎదుటి మనిషి మీద కోపం వచ్చింది, ఆ తర్వాత ఆ మనిషి తానేనని తెలిసింది. ప్రసంగం వస్తున్నదంటే మనం ముందే గుండెకు గొళ్లెం పెట్టుకుంటాం. కథకు గొళ్లెం పెట్టడం గుర్తుండదు. మన ప్రభువు కూడా తప్పిపోయిన కొడుకు సంగతి కథగానే చెప్పాడు కదా.

ఇక పుస్తకం సంగతి. అమ్మగారి కట్టు విప్పిన తర్వాత రామన్నపేట దగ్గర వెల్లంకికి పోయాం. అక్కడ కూరెళ్ళ విఠలాచార్యగారు తన ఇంటినే గ్రంథాలయం చేశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరైన తర్వాతా కూడబెట్టిన పుస్తకాలన్నీ ఊరి పిల్లల కోసం తెరిచిపెట్టిన ఉపాధ్యాయుడు ఆయన. 2024లో ఆయనకూ పద్మశ్రీ ఇచ్చారు. ఒక పల్లెటూళ్లో అన్ని పుస్తకాలు ఒకచోట చూసి, మన ప్రార్థన మందిరంలో ఉన్న ఒకే ఒక్క బీరువా గుర్తొచ్చి సిగ్గుపడ్డాం. ఇంటికి రాగానే ఆ బీరువా అడుగు నుంచి గుర్రం జాషువా గబ్బిలం తీశాం. ఎవరో పెండ్లికి ఇచ్చిన కానుక అది. ఇన్నేండ్లలో తెరవలేదు.

జాషువా 1895లో వినుకొండలో, క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. తండ్రి యాదవ కులం నుంచి వచ్చినవాడు, తల్లి మాదిగ కుటుంబం. 1941లో గబ్బిలం వచ్చింది. అంటరానివాడైన ఒక పేదవాడు తన బాధ కాశీ విశ్వనాథునికి చెప్పుకోవాలనుకుంటాడు. గుడి తలుపు అతనికి తెరుచుకోదు. కానీ గుడి చూరులో వేలాడే గబ్బిలాన్ని ఎవరూ అడ్డుకోరు. అందుకని దానితో కబురు పంపుతాడు. పద్యాలు మొదట కష్టంగానే అనిపించాయి. గట్టిగా, రెండేసి సార్లు చదివాం. మూడో రోజు నుంచి ఎవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించింది. మన తాతలు ఇదే బాధను చెప్పుకోవడానికి ఒక తలుపు వెతుక్కుంటూనే మందిరానికి వచ్చారు కదా అనిపించింది.

మాకు ఆగిపోవాలనిపించింది జాషువా జీవితం దగ్గర. కవిగా సభకు పోతే అక్కడ కులం అడిగి అవమానించారు. ఇటు మన క్రైస్తవులు కూడా, పురాణాలు చదువుతాడు, వాటి మీద పద్యాలు రాస్తాడు అని ఆయనను దూరం పెట్టారు. అదే మనిషి క్రీస్తు చరిత్ర రాశాడు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండు గడపల దగ్గరా నిలబెట్టి పంపిన మనిషిని తలుచుకుంటే, మా గడప ముందు మేము ఎవరిని నిలబెట్టామన్న ప్రశ్న రాకుండా ఉండదు. వచ్చింది. కానీ ఆ రోజు దాన్ని పక్కన పెట్టేశాం.

ఆ ప్రశ్న నాటకం దగ్గర మళ్లీ దొరికింది. డిండి వాగుకు అటు నల్లగొండ, ఇటు పాలమూరు. మన రెండు సంఘాలూ ఆ వాగుకు చెరో పక్కన ఉన్నాయి. వాగు అవతలి ఊళ్లో జాతర అప్పుడు సత్యహరిశ్చంద్ర పద్యనాటకం పెట్టారు. మేము అదే ఊళ్లో ఒక రోగిని చూడడానికి పోయి, చివరి బస్సు తప్పిపోయి, వాళ్ల అరుగు మీద పడుకున్నాం. హార్మోనియం వినబడుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? లేచి పోయి జనం వెనకాల నిలబడ్డాం.

కాటి సీను వచ్చింది. రాజ్యం పోయి, శ్మశానానికి కావలి ఉన్న హరిశ్చంద్రుడు. పాము కరిచి చనిపోయిన కొడుకును మోసుకొచ్చిన భార్య. కాటి సుంకం కట్టనిదే శవం కాల్చనీయనని ఆమెనే ఆపాల్సిన భర్త. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు, కల్లు తాగినవాళ్లు, అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. ఆ నటుడు శ్మశానం మీద పద్యాలు ఎత్తుకున్నాడు. అవి ఎవరివో తెలుసా? నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ కాటి సీనులో నటులు పాడే ఆ శ్మశానం పద్యాలు జాషువావి. రాజు పేదా తేడా లేని చోటు గురించి మన క్రైస్తవ ఇంట్లో పుట్టినవాడు రాసిన పద్యాలు, పురాణ నాటకంలో, జాతరలో, ఊరంతా చెవులప్పగించి వింటున్నది. వాటిని వినకుండా ఇంట్లో తలుపు వేసుకున్నది మేము మాత్రమే.

అప్పుడే పక్కకు చూశాం. జనం చివర, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకొని, మన సంఘం తాత ఒకరు కూర్చుని ఉన్నారు. ఆయన మమ్మల్ని చూశారు. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లవాడిలాగా గబగబా లేచి, చీకట్లోకి పోయారు.

ఆయన పేరు రాయం. డక్కలి కుటుంబం. మాదిగ ఇండ్ల ముందు జాంబపురాణం చెప్పి, పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథ, మియా సాబ్ కథ పాడి బతికిన వంశం. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర ఉంది కదా, అటువంటి కిన్నెరే మన తాత చేతిలోనూ ఉండేది. వెదురు దండి, సొరబుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. తండ్రి చేతి నుంచి వచ్చింది.

ఇరవై ఏండ్ల కింద ఆయన బాప్తిస్మం తీసుకున్నారు. దానికి వారం ముందు మేమే ఆయనతో అన్నాం: "తాతా, కిన్నెర కూడా పాత జీవితమే. అది ఇంట్లో ఉంటే పాత పాటలు వస్తయి, పాత పాటలతో కల్లు వస్తది." మాకు అప్పుడు కారణం లేకపోలేదు. రాత్రంతా కథ చెప్పి, వచ్చిన డబ్బులు కల్లు దుకాణంలో పోయడం మేము కండ్లతో చూశాం. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తెల్లారి కిన్నెరను గుడ్డలో చుట్టి, బిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి మా చేతుల్లో పెట్టారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేము దాన్ని మందిరం వెనక రేకుల కొట్టంలో పెట్టాం.

నాటకం మరునాడు తాత ఇంటికి పోయాం. మందలించడానికి వచ్చామనుకొని ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఎనభై దాటిన మనిషి. అమ్మగారు ఆయనను కూర్చోబెట్టారు. "తాతా, నాటకం చూసినందుకు కాదు. మేము కూడా చూసినం. మేము నీ దగ్గర క్షమాపణ అడగనీకి వచ్చినం. ఆనాడు కల్లు మానమని చెప్పుడు వరకు మా పని. కిన్నెర ఇడువమని దేవుడు చెప్పలే, మా భయం చెప్పింది" అన్నాం.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "కిన్నెర మీ కాడ్నే ఉన్నది గద అయ్యగారూ?"

లేదు. మేము దాన్ని కాల్చనైనా కాల్చలేదు. మరిచిపోయాం. రెండు వానాకాలాలకు బుర్రలు పగిలాయి, మెట్లు ఊడిపోయాయి. కొట్టం రేకులు మార్చినప్పుడు పాత సామానుతో పాటు ఎవరో ఎత్తి పారేశారు. మేము అడ్డం చెప్పలేదు. ఆ సంగతి ఆయన ముఖం చూసి చెప్పడం, మా సేవలో మేము చేసిన అన్నిటికంటే కష్టమైన పని.

తాత విన్నారు. "దేవునికి ఇచ్చిన అనుకున్న" అన్నారు. కొంచెం ఆగి, "మీకు ఇచ్చిన అన్నట్టు" అన్నారు.

ప్రియులారా, ఆ మాటకు మా దగ్గర వాక్యం లేదు. ఏదో ఒక వచనం తీసి అతికించవచ్చు, కానీ అతికించలేదు. ఆయన కోడలు టీ ఇచ్చింది, తాగి వచ్చేశాం.

ఇంటికి వచ్చి బైబిలు తీసి వెతికాం. సౌలు రాజును దురాత్మ బాధపెట్టినప్పుడు దావీదు వాయించినది మన తెలుగు బైబిల్లో సితారా. హెబ్రీ భాషలో ఆ వాయిద్యం పేరు కిన్నోర్. పాత నిబంధనలో గలిలయ సముద్రం పేరు కిన్నెరెతు. ఆ మాట, మన తాత కిన్నెర మాట ఒకటేనని మేము వాదించం. కానీ చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో వినండి. చెరలోకి పోయిన ఇశ్రాయేలీయులు బబులోనులో తమ సితారాలను చెట్లకు తగిలించి ఏడ్చారని 137వ కీర్తన చెప్తుంది. ఆ కీర్తన మీద మేము ప్రసంగం చేశాం. మన ఊళ్లో ఒక మనిషి చేత కిన్నెర తగిలించిన బబులోను మేమేనని మాత్రం ఇప్పుడు తెలిసింది. మనం ఆదివారం పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. మన పెద్దలు ఈ నేల రాగాలను పారేయలేదు, వాటిలోనే ప్రభువును పాడారు.

అయితే ఇక ఏది పడితే అది చూడొచ్చా అని యవనస్థులు అడుగుతారు. చూడొద్దు. ఆడపిల్లను ఎగతాళి చేసేది, నరుక్కోవడాన్ని వీరత్వమనేది, తాగుడును నవ్వులాటగా చూపేది మాకు ఇప్పటికీ వద్దనే అనిపిస్తుంది. కానీ "చూడొచ్చా, చూడొద్దా" అని మమ్మల్ని అడగడం కంటే ఒక చిన్న పరీక్ష మీరే పెట్టుకోండి. అది అయిపోయి లేచిన తర్వాత మీకు ఎవరింటికి పోవాలనిపించింది? మల్లేశం మమ్మల్ని రొట్టెల అక్క పొయ్యి దగ్గరికి పంపింది. బలగం ఒక తమ్ముణ్ణి అన్న కొట్టం దగ్గరికి పంపింది. జాషువా పద్యాలు, హరిశ్చంద్ర నాటకం మమ్మల్ని తాత గడపకు పంపాయి. ఏది చూసినా ఎవరి దగ్గరికీ పోవాలనిపించక, ఇంకొకటి చూడాలని మాత్రమే అనిపిస్తే, అక్కడ ఆగండి. ఈ పరీక్ష మా ప్రసంగాలకూ పెట్టండి. మా ప్రసంగం విని మీరు ఎవరింటికీ పోకపోతే, అది కూడా వట్టి కాలక్షేపమే.

తాత మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు. నాలుగో ఆదివారం వచ్చారు. ఎప్పుడూ కూర్చునే స్తంభం దగ్గరే కూర్చున్నారు. సాక్ష్యాల సమయంలో లేచారు. చేతిలో ఏమీ లేదు. తొడ మీద మెల్లగా చరుస్తూ, పాత కథల వరుసలో, తప్పిపోయిన కొడుకు కథ ఎత్తుకున్నారు. గొంతు వణికింది. మధ్యలో రెండుసార్లు మాట మరిచి, మళ్లీ అందుకున్నారు. కొడుకు పందుల మేత దగ్గర కూర్చున్న చోటు వచ్చేసరికి పిల్లలు కూడా కదలలేదు. తండ్రి దూరం నుంచి చూసి లేచి ఉరికిన చోట ఆపేశారు. "గింతే యాదికున్నది" అని కూర్చున్నారు. ఆమేన్ అనాలో, చప్పట్లు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. మేమూ ఏమీ అనలేదు. ఆ రోజు ప్రసంగం చేయలేదు, ప్రార్థన చేసి ముగించాం.

తాత మనవడికి పద్నాలుగేండ్లు. కిన్నెర ఎట్లా ఉంటదని అడుగుతున్నాడట. నాగర్‌కర్నూల్ వైపు కిన్నెర కట్టగలిగినవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే మాకు చెప్పండి. ఖర్చు సంఘం పెట్టక్కర లేదు, అది మా అప్పు. తాత వేళ్లు వంగుతాయో లేదో తెలియదు. మనవడి వేళ్లు వంగుతాయి.

ఆ ఆడబిడ్డకు ఇదీ మా జవాబు. చూస్తామమ్మా. ఆలస్యంగా చూశాం, అంతే. మీరు ఏం చూశారో, ఏం చదివారో, అది మిమ్మల్ని ఎవరి గడపకు పంపిందో వచ్చే కూడికలో చెప్పండి. ఎవరి దగ్గర ఏం ఊడదీసి మూలకు పారేశామో, ప్రభువు మనలో ప్రతి ఒక్కరికీ జ్ఞాపకం చేయును గాక. ఆమేన్.

మీ కొరకు ప్రార్థించే మీ సేవకులు.